అరవై నాలుగో తప్పు

కిందటి వారం ఎముకలమ్మను ప్రివ్యూ థియేటర్ వేదిక మీద, చేతిలో నోటుపుస్తకంతో, నవ్వు మొహంతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ నవ్వుకు ఇంకో అరగంట కూడా ఆయుష్షు లేదు. అందుకని ఆలస్యం చేయకుండా మళ్ళీ అక్కడికే వెళదాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎముకలమ్మను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. రాయిగా మారిన పాత ఎముకలను శుభ్రం చేసి, అతికించి, మ్యూజియంలో నిలబెట్టడం ఆవిడ పని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఆవిడ చెల్లెలి భర్త సినిమా దర్శకుడు. అతని కిందటి సినిమాలోని తప్పులను ఈవిడ ఒక పత్రికలో ఏకిపారేసింది. జనం సినిమా మానేసి ఆ వ్యాసం చదువుకుని నవ్వుకున్నారు. అయినా అతను ఆదిమానవుల సాహసాల మీద ఈ కొత్త సినిమా మొదలుపెట్టినప్పుడు స్వయంగా వచ్చి, శాస్త్ర సలహాదారుగా మీరే ఉండాలి వదినగారూ అని బతిమాలాడు. ఈవిడ ఒప్పుకుంది. ఆ తరవాత ఈవిడ చెప్పిన సలహా ఒక్కటంటే ఒక్కటి అతను చెవిన పెట్టలేదు.

ఇప్పుడు సినిమా పూర్తయింది. దాన్ని బడుల్లో పిల్లలకు పాఠంగా చూపించాలంటే ఒక పత్రం కావాలి. 'ఇందులో చూపించినదంతా శాస్త్రం ప్రకారం సరైనదే' అని దాని మీద రాసి ఉంది. కింద ఎముకలమ్మ సంతకం పెట్టాలి. ఆవిడ తెలిసి ఒక్క తప్పుడు కాగితం మీద సంతకం పెట్టి ఎరగదు. ఆవిడకు ఉన్న ఆస్తి అల్లా ఆ ఒక్క సంతకమే. పెట్టనని తెగేసి చెప్పింది. అప్పుడు దర్శకుడు, "సరే, పెట్టకండి. మా తప్పులేమిటో మావాళ్ళందరి ముందూ చదివి వినిపించండి, అది చాలు" అన్నాడు. అంత మంచితనం అతనికి ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని ఆవిడ క్షణం కూడా అనుమానించలేదు. ఎదుటివాళ్ళ తప్పు కంటబడిందంటే ఆవిడకు ఇంకేమీ కనబడదు.

పగలు పదకొండున్నర అయింది. సినిమా అప్పుడే పూర్తయి లైట్లు వెలిగాయి. అరవై కుర్చీల చిన్న హాలు అది. గోడకున్న ఏసీ నుంచి నీళ్ళు ఒక ప్లాస్టిక్ బకెట్‌లోకి చుక్కచుక్కగా పడుతున్నాయి. ముందు వరసలో మధ్య కుర్చీలో పెద్ద మాస్టారు కూర్చున్నాడు. ఎముకలమ్మ తండ్రి ఆయన, పనిలో ఆవిడకు గురువు కూడా. డెబ్బై ఆరేళ్ళు వచ్చినా వెన్ను వంగలేదు. చేతికర్ర రెండు మోకాళ్ళ మధ్యా నిలబెట్టుకున్నాడు. ఆయన పక్కన చెల్లెలు కూర్చుంది. వెనక కెమెరా వాళ్ళు, దుస్తులు కుట్టేవాళ్ళు, నటులు ఉన్నారు. చివరి వరస మూలన బొమ్మల మేస్త్రి, ఒళ్ళో గుడ్డ కప్పిన ట్రేతో, దించిన తల ఎత్తకుండా కూర్చున్నాడు. సినిమాలోని జంతువులన్నీ అతను చేసినవే.

"ఒకటి," అంది ఎముకలమ్మ మైకులో. "రాక్షసబల్లులు పోయాక ఆరు కోట్ల ఏళ్ళకి గానీ మనిషి జాడ లేదు. మీ వీరుడేమో దాని వీపెక్కి ఊరేగుతున్నాడు. రెండు. కథానాయిక కనుబొమలు. గుహలో పుట్టి గుహలో పెరిగిన పిల్లకి అంత సన్నగా ఎవరు తీర్చారండీ? కాళ్ళ మీద ఒక్క వెంట్రుకైనా లేదు!"

హాలు ఘొల్లుమంది. దర్శకుడు అందరికంటే గట్టిగా నవ్వాడు, తొడ మీద చరుచుకుని మరీ నవ్వాడు. ఆ నవ్వు చూసైనా ఆవిడ జాగ్రత్తపడాల్సింది.

"ఏడు. వేటకెళ్ళే జంతువు ముందుగా నోరు తెరిచి నిమిషంసేపు అరవదు. అరిస్తే ఎదుటిది ఊరుకుంటుందా, పారిపోదూ? ఆ లెక్కన మీ జంతువు రెండో సీనుకే ఆకలితో చచ్చిపోవాలి. పదకొండు. దాని ముందు చేతులు. అరచేతులు రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి, చప్పట్లు కొట్టబోతున్నట్టు. మీరు కిందికి తిప్పారు. అలా తిరగాలంటే మణికట్టు విరగాలి. పందొమ్మిది. ఏట్లోంచి తీసిన తడి గులకరాళ్ళు రెండు కొడితే నిప్పు పుట్టదు. ఒకటి చెకుముకి రాయి అయినా, రెండోదాంట్లో ఇనుము ఉండాలి. మీవాడు ఒక్క దెబ్బకి చితి పేర్చినంత మంట పెట్టాడు."

"అంత లెక్కలు చూడటానికి జనం వస్తారా మేడమ్?" అన్నాడు గుహవీరుడి వేషం వేసిన నటుడు, రెండో వరసలోంచి.

"రారు బాబూ. మీ నటన చూడటానికీ రారు. అందుకే కదా మీ పక్కన బల్లిని పెట్టారు!"

ఈసారి నవ్వులు ఇంకా ఎక్కువ వచ్చాయి. ఎముకలమ్మకు హుషారు పెరిగింది. ఎగిరే బల్లి కాలివేళ్ళకు పట్టు ఉండదని, అది మనిషిని తన్నుకుపోలేదని చెప్పింది. కణకణలాడే లావాకు బారెడు దూరంలో నిలబడి ప్రేమ కబుర్లు చెప్పుకునేవాళ్ళు మొదటి మాట పూర్తి చేయకుండానే మాడిపోతారని చెప్పింది. వీరుడు కొరుక్కుతిన్న మొక్కజొన్న పొత్తు వేల ఏళ్ళు మనుషులు సాగు చేస్తే గానీ ఆ రూపానికి రాలేదని, అది గుహలోకి ఏ సంతలోంచి వచ్చిందో చెప్పమని అడిగింది. నలభై నాలుగో తప్పు దగ్గర, తోలు బట్టల మీద కుట్టుమిషన్ కుట్లు కనబడుతున్నాయని చెప్పి, "కుట్టినావిడ ఎవరో ఒకసారి లేచి నిలబడండి, చూద్దాం" అంది. నాలుగో వరసలో ఒక నడివయసు మనిషి లేచి నిలబడింది. "వారంలో నలభై జతలు కావాలన్నారండీ, చేత్తో కుట్టే టైము ఇవ్వలేదు" అంది చిన్న గొంతుతో. "రాతియుగంలో కరెంటు మాత్రం ఇచ్చారన్నమాట" అంది ఎముకలమ్మ. హాలు మళ్ళీ నవ్వింది. ఆ కుట్టుపనావిడ కూర్చుని, చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది. వేదిక మీద నుంచి చూస్తే అది కళ్ళద్దాలు తుడుచుకోవడంలాగే కనబడుతుంది.

"అరవై మూడు. గుహవాసులు సినిమా మొత్తం హూ, హా అంటూ మూలుగుతారు. ఆ మనుషులకి మనలాంటి గొంతే ఉండేది, మనలాంటి తలే ఉండేది. మాటలూ ఉండే ఉంటాయి. మాటలు రాయడం చేతకాకపోతే ఆ తప్పు వాళ్ళ మీదికి నెట్టకండి."

నోటుపుస్తకంలో చివరి పేజీ తిప్పింది. అక్కడ గొంతు మారింది. ముందు వరసలో ఉన్న తండ్రి వైపు చూసి చదవడం మొదలుపెట్టింది.

"ఇంత చెత్తలోనూ ఒక్కటి సరిగ్గా ఉంది. ఒంటికొమ్ము. ముక్కు మీద కొమ్మున్న ఆ పెద్ద జంతువు. ఆ కొమ్ము వంపు, మొదట్లో గరుకు, కొసన నునుపు, అన్నీ అసలు ఎముకలో ఉన్నట్టే దించారు. ఎందుకంటే అది మా మ్యూజియంలో ఉన్న అస్థిపంజరం. సున్నపురాయి క్వారీలో దాన్ని కనిపెట్టింది మా నాన్నగారు. ఆ కొమ్ము చూశాకే ఇది లోకానికి తెలియని కొత్త జంతువని ఒప్పుకున్నారు, దానికి నాన్నగారి పేరే పెట్టారు. ఈ సినిమాలో నిజం ఒక్కటే ఉంది, అది మా నాన్నగారి చేతిలోంచి వచ్చింది."

చప్పట్లు మోగాయి. పెద్ద మాస్టారు కర్ర మీద చేతులు కదల్చలేదు.

దర్శకుడు మెల్లగా వేదిక ఎక్కాడు. "ఆఖరి ముక్క సరిగా వినపడలేదు వదినగారూ. మళ్ళీ ఒకసారి చదువుతారా?"

ఆవిడ మళ్ళీ చదివింది.

"ఇంకొక్కసారి. వెనకవాళ్ళకి."

మూడోసారి చదువుతూ ఆవిడ తలెత్తి అతణ్ణి చూసింది. అతను నవ్వడం లేదు. అతని మొహంలో ఉన్నది ఆకలి తీరబోతున్న మనిషి శాంతం.

"మేస్త్రీ, పట్రావయ్యా" అన్నాడు.

బొమ్మల మేస్త్రి ట్రే తెచ్చి మైకు ముందున్న బల్ల మీద పెట్టాడు. గుడ్డ తియ్యలేదు. దర్శకుడే తీశాడు. జానెడు పైన పొడవున్న కొమ్ము, మట్టిరంగు, మొదట్లో గరుకు, కొసన నునుపు. నడిమికి విరిగి రెండు ముక్కలై ఉంది. విరిగిన చోట లోపలంతా తెల్లగా ఉంది, గోడకు వేసే సున్నంలా తెల్లగా.

"ఇది మీరు చేసిన నమూనా కదా?" అంది ఎముకలమ్మ మేస్త్రితో.

"కాదమ్మా" అన్నాడు అతను. "పెద్ద మాస్టారు కంటి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉన్న వారం, అచ్చులు తీసుకోడానికి మీరే కాగితం ఇచ్చారు కదా. తలకాయ మీద రబ్బరు పోసి లాగాం. రబ్బరుతోబాటు పైరంగు ఊడొచ్చింది. కొమ్ము కూడా ఊడి కింద పడి విరిగింది. ఎముక విరగ్గొట్టేశానని నాకు ప్రాణం పోయినంత పనైంది. తీరా చూస్తే, ఇలా ఉందమ్మా."

"మరి మ్యూజియంలో పైన ఉన్నది?"

"నేను చేసిందేనమ్మా."

"రెండు నెలలుగా రోజూ దాని కిందే తిరుగుతున్నారు వదినగారూ" అన్నాడు దర్శకుడు. "బడి పిల్లలకి వేలెత్తి చూపించి పాఠాలు కూడా చెప్పారు. నా సినిమాలో మొక్కజొన్న పొత్తు కనిపెట్టిన కళ్ళు కదా, అది కనబడలేదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చెల్లెలిది. ఎముకలమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మీ పనివాళ్ళకి ఏదో చుక్క నియమం ఉందిట. కొంచెం చెబుతారా? మావాళ్ళకి తెలీదు."

చెప్పకపోతే పరువు పోతుంది, చెప్పినా పోతుంది. చెప్పింది. ఏ అస్థిపంజరమూ పూర్తిగా దొరకదు. లేని ఎముకలను ప్లాస్టర్‌తో చేసి, రాతిపొడి, రంగు కలిపి పూస్తారు. చూడ్డానికి కలిసిపోవాలి, కానీ మోసం కాకూడదు. అందుకని చేసిన ప్రతి ముక్కకూ లోపలి వైపు ఆవగింజంత తెల్లచుక్క పెడతారు. ఆరడుగుల దూరం నుంచి కనబడదు, చేతిలోకి తీసుకుంటే కనబడుతుంది. పనిగదిలో రెండు బల్లలుంటాయి. చేసిన ముక్క ఎడమ బల్ల మీద ఉండాలి. అసలు ఎముక కుడి బల్ల మీద ఉండాలి. చుక్క పెట్టే హక్కు చేసినవాళ్ళకు లేదు. గురువు పరీక్షించి తన చేత్తో పెడతాడు.

"ఈ నియమం ఎవరిదండీ?"

"నాన్నగారిది."

"దీనికి చుక్కుందేమో చూడండి."

రెండు ముక్కలనూ తిప్పి తిప్పి చూసింది. లేదు.

"నేను చేసినదానికి పెట్టానమ్మా" అన్నాడు మేస్త్రి, ఆవిడ మొహం చూడలేక. "మీరు నేర్పారు కదా. గురువు లేరు కాబట్టి నేనే పెట్టుకున్నా."

హాలంతా నవ్వింది. ఇంతకు ముందు సినిమాను చూసి నవ్విన నవ్వూ ఇదీ ఒకటి కాదు. గుహవీరుడు లేచి నిలబడి మరీ నవ్వాడు. కుట్టుపనావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ఎముకలమ్మ మొహం నిదానంగా చూస్తోంది.

అప్పుడు చెల్లెలు కుర్చీలోంచి లేచి వచ్చి ట్రే మీదికి వంగింది. ప్లాస్టర్ గట్టిగా నిలవడానికి మధ్యలో గుడ్డపీలికలు పెట్టడం మామూలే. విరిగిన చోట ఒక పీలిక కొస బయటికి పొడుచుకు వచ్చింది. చెల్లెలు దాన్ని వేలితో పట్టి లాగింది. తెల్లపొడి రాలి, కింద నీలం గళ్ళు బయటపడ్డాయి.

"అక్కా," అంది, "ఇది అమ్మ దుప్పటి."

ఎముకలమ్మ ఆ పీలిక మీదికి వంగింది.

"నీలం గళ్ళది. అమ్మ పోయాక పెట్టెలో పెట్టుకున్నాం చూడు, అదే. ఎవరో సగానికి చింపేశారని నాన్న నన్ను బెల్టుతో కొట్టాడు. నాకప్పుడు పదేళ్ళు. నేను కాదు మొర్రో అని ఏడిస్తే అబద్ధమాడుతున్నానని ఇంకో నాలుగు తగిలించాడు. నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు. ఇరవై రెండేళ్ళదానివి. నేనే చింపాను అని ఒక్కమాట అనలేదు. ఎవరు చింపారో నాకు ఇప్పటిదాకా తెలీదు. ఇప్పుడు తెలిసింది."

కొమ్ము చేసింది తనే. ఆ సంగతి ఎముకలమ్మకు అంతమంది ముందు, మైకు ఎదురుగా, అప్పుడు తెలిసింది.

పనిలో చేరిన మొదటి ఏడాది. క్వారీలో దొరికిన తలకాయ ముక్కు మీద ఒక గరుకు మచ్చ ఉండేది. 'ఇక్కడ కొమ్ము ఉండి ఉంటే ఎలా ఉండేదో ఊహించి చెయ్యి చూద్దాం' అని నాన్న ఆవిడకు అభ్యాసం ఇచ్చి, మిగతా ఎముకల కోసం క్వారీకి వెళ్ళాడు. పీలికలకు గుడ్డ దొరక్క, ఇంట్లో పెట్టెలోంచి దుప్పటి తీసి చింపింది. చేసి, రంగు వేసి, ఎడమ బల్ల మీద ఎండ పడటం లేదని కుడి బల్ల మీద, కిటికీ పక్కన ఆరబెట్టింది. మర్నాడు పరీక్షలకు వేరే ఊరు వెళ్ళిపోయింది. పది రోజులకు తిరిగొస్తే ఊరంతా ఒకటే మాట: పెద్ద మాస్టారికి కొమ్ము దొరికిందిట! 'మూడో సంచిలో ఉందే' అని నాన్న చెప్పాడు. తలకాయ మీద అప్పటికే అతికించేశాడు, నిచ్చెన ఎక్కి చూడనివ్వలేదు. కింద నుంచి చూస్తే అచ్చం తను ఊహించినట్టే ఉంది. తన అభ్యాసం ముక్క చెత్తలో పోయిందనుకుంది. ఆ రోజు నుంచీ ఆవిడ గర్వమంతా ఆ కొమ్ము మీదే నిలబడింది. ఎముక చూడకుండానే ఎముకను ఊహించిన మనిషిని నేను అని ఎన్నిసార్లు తనలో తను మురిసిపోయిందో లెక్కలేదు. దాన్ని చూసి నేర్చుకున్న నమ్మకంతోనే ఇంతమంది తప్పులు ఏరింది.

"మామయ్యగారూ, మీరేమంటారు?" అన్నాడు దర్శకుడు, మైకు కిందికి అందిస్తూ. గొంతులో ఎంతో మర్యాద ఉంది.

పెద్ద మాస్టారు లేచాడు. కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో జాలి ఉంటుందేమోనని ఆవిడ ఆశపడింది.

"నేను క్వారీ నుంచి వచ్చేసరికి అది కుడి బల్ల మీద ఉంది" అన్నాడు. గొంతు వణకలేదు. "చుక్క లేదు. కుడి బల్ల మీద చుక్క లేకుండా ఉంటే అది అసలు ఎముక. నా పద్ధతి అది. నా కూతురు బల్ల మారుస్తుందని నేననుకోలేదు. దాన్ని నమ్మాను. నేను చేసిన తప్పు అదొక్కటే."

హాల్లో నవ్వు ఆగిపోయింది. నవ్వగలిగినవాళ్ళకు కూడా ఆ మాట కొంచెం ఎక్కువైంది. బకెట్‌లో నీటిచుక్క పడిన చప్పుడు వినిపించింది.

దర్శకుడు జేబులోంచి పత్రం తీసి, మడత విప్పి, ట్రే పక్కన పెట్టాడు. పైన పెన్ను పెట్టాడు.

"వదినగారూ, మనం మనం ఒకటి. ఇక్కడున్నవాళ్ళంతా మావాళ్ళు, నేను చెబితే నోరు మెదపరు. మీరు సంతకం పెట్టండి, ఈ ట్రే మళ్ళీ గుడ్డ కప్పుకుంటుంది. మామయ్యగారి పేరూ ఉంటుంది, మీ ఉద్యోగమూ ఉంటుంది. పెట్టరంటారా, మీరు నా మీద వ్యాసం రాసిన పత్రిక ఉందే, దాని ఎడిటర్‌గారు బయట కార్లో ఉన్నారు. లోపలికి పిలుస్తాను. మీ ఇష్టం."

"పెట్టెయ్ అమ్మాయ్" అన్నాడు తండ్రి. "సంతకమే కదా."

సంతకమే కదా! ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం పనిలో చేరిన రోజున, నిజంకాని దాని కింద పేరు పెడితే వేళ్ళు విరగ్గొడతానని బెదిరించిన మనిషే ఆ మాట అన్నాడు. ఎముకలమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పెన్ను తీసుకుంది. పత్రం దగ్గరికి లాక్కుంది. దర్శకుడి మొహం విప్పారింది.

ఎడమ చేత్తో కొమ్ము ముక్క ఎత్తింది, ఎందుకో తనకే తెలియదు. పనివాళ్ళ చేతులు ఊరుకోవు. ఎత్తగానే ఆ చేయి గాల్లో ఆగిపోయింది. ముక్కను కిందికీ పైకీ ఆడించింది. రెండో ముక్క కూడా కలిపి ఎత్తింది. పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"నాన్నా, ఇది చేత్తో పట్టుకున్నారా మీరు, ఆ రోజు?"

"పట్టుకోకుండా ఎలా అతికిస్తాను?"

"బరువు చూశారా?"

పెద్ద మాస్టారు కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంత కొమ్ము రాయి అయితే రెండు చేతులతో ఎత్తాలి. ఇది చూడండి, కొబ్బరిచిప్పలా లేస్తోంది. పనిలో చేరిన మొదటి రోజు మీరు నాకు కళ్ళు మూయించి, రెండు చేతుల్లో రెండు ముక్కలు పెట్టి, ఏది రాయో ఏది ప్లాస్టరో చెప్పమన్నారు. మొదటిసారే చెప్పాను. మీకు తెలీలేదా?" ఆవిడ గొంతు లేచింది. "మూడో సంచిలో దొరికిందని అప్పుడు నాతో అన్నారు. కుడి బల్ల మీద ఉందని ఇప్పుడు వీళ్ళతో అంటున్నారు. నేను బల్ల మార్చాను, నిజమే. అది నా తప్పు. మీరు ఎత్తగానే కనుక్కున్నారు. కనుక్కునే అతికించారు. తలకాయ తుడిచే పని ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా అందుకే అట్టిపెట్టుకున్నారు."

"అదంతా మీరూ మీరూ ఇంటి దగ్గర తేల్చుకోండి" అన్నాడు దర్శకుడు, పెన్ను మళ్ళీ ఆవిడ వైపు జరుపుతూ. మొదటిసారి అతని గొంతులో తొందర వినిపించింది. "ముందు సంతకం."

ఆ తొందర ఎముకలమ్మ చెవిన పడింది. తప్పులు పట్టే చెవి అది, ఇంత జరిగినా పాడవలేదు. మేస్త్రి వైపు తిరిగింది.

"నువ్వు తలకాయ ఒక్కటే అచ్చు తీశావా?"

"లేదమ్మా. మొత్తం తీశాం. రెండు వందల పదకొండు ఎముకలు."

"అందులో చుక్కున్నవి?"

"అరవై. రిజిస్టర్లో మీరు రాసినవే."

"చుక్క లేకుండా, రంగు ఊడితే తెల్లగా ఉన్నవి? కొమ్ము కాక?"

మేస్త్రి దర్శకుడి కేసి చూశాడు. దర్శకుడు తల అడ్డంగా ఊపాడు. ఆ లెక్క అతను ఇంకో రోజుకని, ఇంకో సినిమాకని దాచుకున్నాడని ఆ ఊపులోనే తెలిసిపోయింది. ఈ రోజు సంతకం పెట్టినా, ఎల్లుండి మళ్ళీ ఇంకో కాగితం వచ్చేదన్నమాట. మేస్త్రి చేతులు నలుపుకున్నాడు. నాలుగో వరసలోంచి కుట్టుపనావిడ, "చెప్పవయ్యా, అడుగుతోంది కదా" అంది.

"పద్నాలుగు" అన్నాడు మేస్త్రి.

పెద్ద మాస్టారి చేతికర్ర నేల మీద పడింది. తీసివ్వడానికి ఎవరూ వంగలేదు. చెల్లెలు పక్కనే ఉండి కూడా వంగలేదు.

ఎముకలమ్మ పెన్ను తీసుకుంది. పత్రాన్ని పక్కకు నెట్టి తన నోటుపుస్తకం ముందుకు లాక్కుంది. 'ఈ సినిమాలో నిజం ఒక్కటే ఉంది' అని రాసుకున్న పేరాను అడ్డంగా కొట్టేసింది. కింద అరవై నాలుగు అని అంకె వేసింది. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది; కాగితం మీద పెన్ను గీసుకునే చప్పుడు హాలంతా వినబడింది.

"కొమ్ము నాది" అని చదువుతూ రాసింది. "నేను చేశాను. బల్ల మార్చాను. ఇన్నేళ్ళూ దాని కింద నిలబడి కూడా గుర్తుపట్టలేదు. దుప్పటి కూడా నేనే చింపాను." అప్పుడు తలెత్తి తండ్రిని చూసింది. "నా తప్పు రాసేశాను నాన్నా. మీ పద్నాలుగూ మీరు చెప్పండి. ఒక్కొక్కటే రాసుకుంటాను."

"మరిదిగారూ, ఆ ఎడిటర్‌గారిని మీరు పిలుస్తారా, నన్ను పిలవమంటారా?" అని కూడా అడిగింది, తల తిప్పకుండానే.

దర్శకుడు కదల్లేదు. హాల్లో ఉన్న అందరి కళ్ళూ ముందు వరసలో ఉన్న ముసలాయన మీదే ఉన్నాయి. ఆయన కర్ర లేకుండా నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని, పెద్దకూతురి చేతిలోని పెన్ను వైపు చూశాడు.

"పద్నాలుగే కాదు" అన్నాడు.